బోరింగు పంపు: ఏ భాగానికి ఏ లోహం, ఏ పనితనం

చేతితో కొట్టి భూగర్భజలం తోడే పంపును మన ఊళ్లలో బోరింగు అంటారు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తమిళులకు అది అడిపంపు. బళ్లారి, రాయచూరు దిక్కున కైపంపు. కిన్వట్టు, సిరొంచ వైపు మరాఠీలో హాప్సా. రాయగడ, కొరాపుట్టులలోని ఒడియా వారికి నళకూపం. పేర్లు ఎన్ని ఉన్నా ఈ సరిహద్దు జిల్లాలన్నింటిలోను ప్రధానంగా కనిపించే పంపు ఒక్కటే. కుప్పం వైపు ఊరిలో తెగిన గొలుసుకు బదులు హోసూరు అంగడిలో కొన్న గొలుసు సరిపోతుంది. ఇంజనీర్లు ఆ పంపును ఇండియా మార్క్ 2 అని వ్యవహరిస్తారు. 1970లలో భారత ప్రభుత్వం, యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థల సహకారంతో రూపొందిన ఈ పంపు ఆసియా, ఆఫ్రికా ఖండాలలో అనేక దేశాలకు వ్యాపించినది.

ఒక వస్తువును ఏ పదార్థంతో చేయవలెను, ఆ పదార్థాన్ని ఏ పద్ధతిలో మలచవలెను అనే రెండు ప్రశ్నలను ఇంజనీరింగు కళాశాలలలో వేరువేరు పాఠాలుగా బోధిస్తారు. పనిశాలలో మాత్రం అవి విడదీయరానివి. వాటికి తోడు మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది, దానిని చాలామంది రూపకర్తలు మరచిపోతారు: అది చెడినప్పుడు ఎవరు, ఏ పనిముట్లతో బాగుచేస్తారు? బోరింగు చరిత్ర యావత్తూ ఈ మూడవ ప్రశ్న చుట్టూ తిరిగినది.

పదార్థాన్ని ఎన్నుకొనే విద్య పల్లెకు కొత్తది కాదు. బండి చక్రానికి వడ్రంగి నల్లతుమ్మను ఎంచుకొన్నాడంటే అది దెబ్బకు చీలని గట్టి కఱ్ఱ గనుక. ఆ చక్రానికి ఇనుప పట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి, నీళ్లు చల్లి బిగించడం పదార్థపు గుణాన్ని ఎఱిగి చేసిన పనితనమే; వేడికి వ్యాకోచించిన ఇనుము చల్లారి ముడుచుకొని ఆకులను, కంబాలను ఒక్కటిగా పట్టివేస్తుంది. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే చిలుము పుడుతుందని తెలిసి లోపల తగరపు కళాయి పూయించినవారు మన పూర్వులు. ఆధునిక విద్య ఈ అనుభవాన్ని లెక్కలకు ఎక్కించినది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ ఆష్బీ లోహాలు, కఱ్ఱలు, ప్లాస్టిక్కులు అన్నింటి బలాన్ని, బరువును ఒకే పటంపై చూపి, ఎన్నుకొనే పద్ధతిని 1992లో వెలువడిన గ్రంథంలో వివరించినాడు. ముందుగా భాగం చేయవలసిన పని ఏదో చెప్పుకొనవలెను. తప్పక పాటించవలసిన హద్దులు ఏవో నిర్ణయించవలెను. ఆ హద్దులలో నిలిచినవాటిలో చౌకయైనదో, తేలికయైనదో ఏరుకొనవలెను. వడ్రంగి మనసులో చేసే లెక్క ఇదే.

పోత ఇనుము ఎందుకు ఓడిపోయినది

1966-67 కరవు కాలంలో బీహారు, ఉత్తరప్రదేశ్‌లలో తాగునీటికి కటకట ఏర్పడినప్పుడు, గట్టి రాతిని తొలిచే యంత్రాలు మన దేశానికి వచ్చినవి. దక్కను పీఠభూమి అంతటా నల్లరాయి, నాపరాయి, గ్రానైటు. బావి త్రవ్వడానికి నెలలు పట్టే చోట ఈ యంత్రాలు ఒకటి రెండు రోజులలో బోరు వేయగలిగినవి. బోర్లు వేలాదిగా పడినవి. వాటిపై బిగించినది మాత్రం ఐరోపా, అమెరికాలలో ఇంటి పెరటిలో వాడే పోత ఇనుప పంపుకు నకలు. 1970ల నడుమ యునిసెఫ్ పరిశీలించినప్పుడు అలాంటి పంపులలో నాలుగింట మూడు వంతులు పనిచేయడం లేదని తేలినది.

ఆ పంపులు చెడ్డవా? లెక్క వేసి చూస్తే కాదని తెలుస్తుంది. గ్రామీణ నీటి పథకాలలో అప్పటి ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 40 లీటర్లు, పంపు ఒక్కింటికి 250 మంది. అంటే రోజుకు 10,000 లీటర్లు. ఒక్కసారి కొట్టితే సుమారు 0.4 లీటరు వచ్చే పంపును రోజుకు 25,000 సార్లు కొట్టవలెను. ఏడాదికి 90 లక్షల సార్లు. ఆరుగురు ఉన్న ఇంటిలో అదే ప్రమాణానికి 240 లీటర్లు, 600 సార్లు చాలు. ఇంటి పంపు ఇరవై ఏండ్లలో పడే శ్రమను వీధి పంపు ఆరు నెలలలో పడుతున్నది. తప్పు లోహానిది కాదు, వేయవలసిన ప్రశ్న వేయకుండా నమూనాను దిగుమతి చేసుకొన్నవారిది.

పోత ఇనుములో సుమారు 3 శాతం కర్బనం ఉంటుంది. అది చల్లారేటప్పుడు లోహం లోపల సన్నని రేకులవలె విడివడుతుంది. ఈ కర్బనం వలన ఆ ఇనుము కరిగినప్పుడు అచ్చులోని ప్రతి మూలకు చక్కగా పారుతుంది, లేతుపై సులభంగా చెక్కబడుతుంది, నొక్కుడుకు ఎంతో బరువు ఓర్చుకొంటుంది. అవే రేకులు లాగుడుకు, దెబ్బకు లోపలి పగుళ్లవలె పనిచేస్తాయి. పంపు పిడి పైకి పోయి అడుగున తగిలిన ప్రతిసారీ దెబ్బ. పిడిని పట్టే సీల పోత ఇనుప రంధ్రంలో రాసుకొని రాసుకొని, గుండ్రని రంధ్రం కోడిగ్రుడ్డు ఆకారమవుతుంది. ఆ తరువాత పిడి ఊగులాడుతుంది, ఒకనాడు చెవి విరుగుతుంది. విరిగిన పోత ఇనుమును పల్లె వెల్డింగు అతికించలేదు. అతికినట్లు కనిపించినా ప్రక్కనే మరల పగులుతుంది.

పంపు ఆగితే జనం పాత దిగుడు బావికి పోయేవారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు పల్లెలలో పెద్దవారికి నారికురుపు జ్ఞాపకం ఉండే ఉంటుంది. దిగుడు బావి నీటిలోని సూక్ష్మజీవి ద్వారా కడుపులో చేరిన పురుగు ఏడాది తరువాత కాలిలో పుండై బయటకు వచ్చేది. మన దేశంలో చివరి నారికురుపు రోగి 1996లో రాజస్థాన్‌లో కనిపించినాడు. 2000 సంవత్సరంలో దేశం దాని నుండి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించినది. నీటి వడకట్టు, దిగుడు బావుల మూసివేత, రోగుల గుర్తింపు ఎంత పనిచేసినవో, ఆగకుండా నడిచిన చేతిపంపు కూడా అంత పనిచేసినది.

షోలాపురం నమూనా

దారి చూపినది మహారాష్ట్ర. జాల్నాలోను, షోలాపురంలోను స్వచ్ఛంద సంస్థల పనిశాలలలో పోత ఇనుప పిడికి బదులు ఉక్కును కోసి వెల్డింగు చేసిన పిడితో పంపులు తయారైనవి. తెలంగాణ నుండి తరతరాల క్రిందట వలసపోయిన పద్మశాలి కుటుంబాలు మగ్గాలు నడిపే ఆ షోలాపురమే. షోలాపురం పంపులో రెండు విశేషాలు ఉండేవి: పిడి తిరిగే చోట మూసిన బాల్ బేరింగులు, పిడి చివర వంపు పలకపై పరచుకొనే గొలుసు. ఈ రెండింటిని గ్రహించి, మిగిలినవాటిని మార్చి, కోయంబత్తూరు ప్రాంతపు లోతైన బోర్లలో పరీక్షించి మార్క్ 2ను స్థిరపరచినారు. 1970ల చివర మద్రాసులోని ప్రభుత్వ రంగ సంస్థ రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్‌లో ఉత్పత్తి మొదలైనది. నమూనాపై ఎవరికీ పేటెంటు హక్కు లేదు. భారత ప్రమాణం ఐ.ఎస్. 9301 మొదట 1979లో వెలువడినది.

రూపకర్తలు పెట్టుకొన్న హద్దులు చెప్పుకొనదగినవి. పెద్ద కర్మాగారం అవసరం లేకుండా ఒక మోస్తరు పనిశాలలో, వెల్డింగు యంత్రము, లేతు, డ్రిల్లింగు యంత్రములతో తయారు కావలెను. ఏ పనిశాలలో చేసిన భాగమైనా మరొక దానికి అతకవలెను. ఏడాదిపాటు పెద్ద మరమ్మతు లేకుండా నడవవలెను. బోరు నోట మురికినీరు లోనికి దిగకుండా దిమ్మె మూసివేయవలెను. స్త్రీలు, పిల్లలు కొట్టగలిగినంత తేలికగా ఉండవలెను.

ఈ చివరి హద్దు ఎంత కఠినమో లెక్క చెబుతుంది. సిలిండరు లోపలి వ్యాసం 63.5 మి.మీ. నీరు 45 మీటర్ల లోతున ఉంటే ముషలకంపై నిలిచే నీటి బరువు సుమారు 140 కిలోలు. దానిని మోసే 12 మి.మీ. ఉక్కు ఊచల బరువు మరొక 40 కిలోలు. పిడి నిష్పత్తి ఒకటికి ఎనిమిది గనుక చేతికి వచ్చే బరువు సుమారు 22 కిలోలకు దిగుతుంది. అదైనా తక్కువ కాదు. అందుకే పిడిని గొట్టంతో కాక, 32 మి.మీ. చదరపు నిండు ఉక్కు కడ్డీతో చేసినారు. మీటరుకు 8 కిలోలు తూగే ఆ కడ్డీ తన బరువుతో ఊచల బరువును కొంత తూచుతుంది. ఇతర వస్తువులలో బరువు తగ్గించడం నేర్పు. ఇక్కడ బరువే పనిచేస్తుంది. పిడి కోసుకుపోయి తూకానికి అమ్ముకొనే దొంగలకు కూడా ఆ బరువే ఆశ చూపుతుందనేది వేరే సంగతి.

పిడి ఇరుసుకు తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ ఉక్కును ఎంచినారు. దాని ఇరువైపుల తిరిగేది 6204 సంఖ్య గల బేరింగు: లోపలి వ్యాసం 20 మి.మీ., బయటి వ్యాసం 47, వెడల్పు 14. ఈ సంఖ్య ప్రపంచమంతటా ఒక్కటే. విద్యుత్తు మోటార్లలోను, మరి ఎన్నో యంత్రాలలోను వాడేదే గనుక తాలూకా కేంద్రంలోని అంగడిలో సైతం దొరుకుతుంది. పంపు కొరకు ప్రత్యేకంగా చేయించిన బేరింగు ఇంకా బాగా నడిచేదేమో గాని, అది చెడిన నాడు ఊరు నెలరోజులు ఎదురుచూడవలసి వచ్చేది.

అయితే బేరింగు మంచిదైనంత మాత్రాన చాలదు. అది కూర్చునే గూటిని పిడికి వెల్డింగు చేస్తారు. వెల్డింగు వేడికి లోహం వంగుతుంది. ముందే చెక్కిన గూడు వేడికి మెలిక పడితే రెండు బేరింగులు ఒకే గీతపై ఉండవు, ఏడాదిలో అరిగిపోతాయి. కనుక వెల్డింగు ముగిసిన తరువాతనే గూటిని చెక్కవలెను. చెక్కేటప్పుడు భాగాన్ని కదలనీయని జిగ్గులో బిగించవలెను. క్రమం మారితే పదార్థం ఎంత మేలైనదైనా ఫలితం లేదు.

గొలుసు, పూత

పిడి చివర వృత్తఖండంవలె తిరుగుతుంది. ఊచ మాత్రం తిన్నగా లేచి దిగవలెను. సీలతో కలిపితే ఊచ ప్రక్కకు గుంజబడి, లోపలి గొట్టాలను రాస్తూ అరుగుతుంది. వంపు పలకపై గొలుసును పరచితే పిడి ఏ కోణంలో ఉన్నా ఊచ నడిమి గీతపైనే ఉంటుంది. సైకిలు గొలుసు జాతికే చెందిన, ఒక అంగుళం ఎడం గల రోలరు గొలుసు దీనికి సరిపోయినది. ఇది కూడా అంగడి సరుకే.

గొలుసుతో లాగవచ్చును గాని తోయలేము. ఊచలు తమ బరువుతో తాము దిగవలెను. లోతు తక్కువైన బోరులో ఊచలు కొన్నే ఉంటాయి, వాటి బరువు చాలదు. కొత్త వాషరు బిగుతుగా ఉంటే ముషలకం దిగక గొలుసు వదులై, మరల లాగినప్పుడు టపీమని కొట్టుకొంటుంది. తొందరపడి గబగబ కొట్టే పిల్లల చేతిలో పంపు చేసే చప్పుడు అదే. అందుకే లోతు తక్కువైన చోట గొలుసుకు బదులు గట్టి కడ్డీ కలిపే ఏర్పాటు ఉన్నది.

పంపు తల, నీటి తొట్టి, దిమ్మెలో నాటిన కాళ్లు ఉక్కు పలకలను, గొట్టాలను కోసి వెల్డింగు చేసినవి. పోత పోయడానికి కొలిమి, అచ్చు, ఇసుక, నేర్పు గల మనుషులు కావలెను. పోతలో గాలి బుడగ దాగి ఉన్నా కంటికి కనబడదు. పలక పనిలో లోపం చాలావరకు బయట పడుతుంది, ఊరిలో విరిగినా వెల్డింగుతో అతుకుతుంది. దానికి చెల్లించవలసిన మూల్యం తుప్పు. మామూలు ఉక్కు పోత ఇనుము కంటె తుప్పుకు లోబడినది. కనుక భాగాలన్నింటిని ఆమ్లంలో కడిగి, సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకు తొట్టిలో ముంచుతారు. రంగు గీచుకుపోయిన చోట ఉక్కు వెంటనే తుప్పు పడుతుంది. జింకు పూత గీచుకుపోయినా ప్రక్కనున్న జింకు తాను కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది.

ఈ పూతకు కూడా క్రమం ఉన్నది. పూత వేసిన తరువాత వెల్డింగు చేస్తే అక్కడి జింకు కాలిపోతుంది, ఆ పొగ వెల్డరు ఊపిరికి హాని. మూసిన పెట్టెవంటి భాగానికి గాలిరంధ్రం పెట్టకుండా తొట్టిలో ముంచితే లోపలి తేమ ఆవిరియై పేలుతుంది. అందుచేత పూతకు వీలుగా రంధ్రం ఎక్కడ ఉండవలెనో గీత గీసే నాడే నిర్ణయించవలెను.

నీటి అడుగున

పిడికి తగదని త్రోసివేసిన పోత ఇనుము సిలిండరులో మరల గౌరవం పొందినది. అక్కడ దెబ్బ లేదు. లోపలినుండి నీటి ఒత్తిడి మాత్రమే. చివరల మరచుట్లతో మందమైన గొట్టం ఆకారం పోతకు తగినది. దాని లోపల ఇత్తడి తొడుగు వేస్తారు. ఇనుముపైనే వాషరు నడిస్తే తుప్పు గరుకుదనం దానిని చీల్చివేస్తుంది. ఇత్తడి నునుపుగా ఉండి నీటిలో పాడుకాదు. ముషలకం, కవాటాలు గన్‌మెటల్‌తో, అంటే రాగి, తగరం కలిసిన కంచు జాతి లోహంతో పోత పోసినవి. ఖరీదైన లోహాన్ని కొద్దిగా, అత్యవసరమైన చోటనే వాడడం ఈ సిలిండరులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక వాషరు. పంపు మొత్తంలో అన్నింటికంటె చౌకయైన భాగం ఇదే, ఊరిని ఎక్కువగా ఏడిపించినది కూడా ఇదే. చెట్టు బెరడుతో ఊనిన తోలును వలయంగా కోసి, అచ్చులో నొక్కి, గిన్నె ఆకారంలో తయారుచేసేవారు. తోలు నీటికి ఉబ్బి గోడకు హత్తుకొంటుంది, నీటిని బాగా పట్టుతుంది. ఇసుక వచ్చే బోరులో త్వరగా అరుగుతుంది. కొద్ది రూపాయల ఆ తోలుముక్కను మార్చడానికి 45 మీటర్ల పైపులను ఊడదీయవలెను. 32 మి.మీ. మధ్యరకం పైపు మీటరుకు 3 కిలోలకు పైగా తూగుతుంది. అంటే పైపులే సుమారు 140 కిలోలు, వాటిలోని నీరు, ఊచలు అదనం. దీనికి ముక్కాలి కఱ్ఱలు లేదా ఎత్తే సాధనాలు, నలుగురైదుగురు మనుషులు, వారిని తెచ్చే వాహనం కావలెను. తమిళనాట ఊరి సంరక్షకుడు, సమితి మెకానిక్కు, జిల్లా సంచార దళం అని మూడు అంచెల ఏర్పాటు చేసినది ఇందుకే. మూడవ అంచె వచ్చేంత వరకు బిందెలు ఎండవలసినదే.

1980లలో కోయంబత్తూరు జిల్లాలో జరిగిన క్షేత్ర పరీక్షలు దీనికి పరిష్కారం చూపినవి. తోలు స్థానంలో నైట్రైల్ రబ్బరు వాషరు వేస్తే అది ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నడిచినది. ఆ పరీక్షల ఫలితంగానే మార్క్ 3 పంపు రూపొందినది. దానిలో నిలువు పైపు వ్యాసాన్ని 65 మి.మీ.కు పెంచినారు. అందువలన ముషలకాన్ని, అడుగు కవాటాన్ని పైపులోగుండా పైకి లాగవచ్చును. పైపులను కదపనవసరం లేదు. ఇద్దరు మనుషులు కొద్దిపాటి పనిముట్లతో ముగించగల పని అది. పైపు ఖర్చు, బరువు రెండింతలైనవి. కొనేనాటి ధరను చూసేవారికి మార్క్ 3 దండుగ, మరమ్మతుకు ఎదురుచూసేవారికి మార్క్ 2 దండుగ. కొనేది ఒకరు, ఎదురుచూసేది మరొకరు కావడమే ఇక్కడి చిక్కు. లోతైన బోర్లలో పెద్ద పైపుల బరువు నిజంగానే అడ్డంకి అనేది కూడా ఒప్పుకొనవలెను.

రబ్బరుతో మరొక మార్పు వచ్చినది. తోలు మంచిదో కాదో ఊరి చెప్పులు కుట్టేవాడు వేలితో నొక్కి చెప్పగలడు. అవసరమైతే తానే కోసి ఇవ్వగలడు. రబ్బరు వాషరును ఉక్కు అచ్చులో, వేడితో, ఒత్తిడితో తయారుచేస్తారు. అచ్చుకు చాలా ఖర్చు గనుక వేల సంఖ్యలో చేస్తేనే గిట్టుతుంది. మిశ్రమంలో చౌక పొడి కలిపినా, ఉడుకు చాలకపోయినా పై చూపుకు తెలియదు. మన్నిక పెరిగినది, పరీక్షించే అధికారం ఊరి చేతినుండి ప్రయోగశాలకు పోయినది. ప్లాస్టిక్ బిందె కథ కూడా ఇదే. ఇత్తడి బిందెను కంచరి ఒక్కటైనా సాగగొట్టి ఇస్తాడు, చిల్లి పడితే మాటు వేస్తాడు. ప్లాస్టిక్ బిందె అచ్చు ఖరీదు వేల బిందెలపై పంచబడుతుంది కనుకనే ఒక్కొక్కటి చౌక, పగిలితే పారవేయడమే.

పైపు రంగుపట్టీ

నిలువు పైపులకు జింకు పూత ఎన్నుకొనడం గట్టి రాతి నేలల గట్టి నీటికి తగినది. నీరు పుల్లనిదైతే, అంటే పి.హెచ్. 6.5 కంటె తక్కువైతే, జింకు తొందరగా కరిగి ఆ తరువాత ఉక్కును తింటుంది. ఉదయం కొట్టిన మొదటి బిందె ఎఱ్ఱగా వచ్చి, అన్నం రంగు మారి, బట్టలపై మరక పడడం దీని గుర్తు. పదిపదిహేను నిమిషాలు కొట్టితే నీరు తేటపడినదంటే ఆ ఇనుము చాలావరకు పైపుదని, తేటపడకపోతే నేలదని ఊహించవచ్చును. ఆఫ్రికాలో అనేక ప్రాంతాలలో ఇదే జరిగి, రుచి చెడిన నీటిని వదలి జనం చెరువులకు పోయినారు. ఉగాండా ప్రభుత్వం 2016లో చేతిపంపులకు జింకు పూత పైపుల వాడకాన్ని నిలిపివేసినది. స్టెయిన్‌లెస్ ఉక్కు, పి.వి.సి. పైపులు ప్రత్యామ్నాయాలు. మొదటిది ఖరీదు, రెండవదానికి తుప్పు లేదు, తేలిక, కాని ఊచ రాపిడికి, అతుకుల వద్ద బరువుకు బలహీనం.

ఇంటింటికి కుళాయి నీరు ఇచ్చే పథకాలు, తెలంగాణలో 2016 నుండి మిషన్ భగీరథ, దేశమంతటా 2019 నుండి జల్ జీవన్ మిషన్, వచ్చిన తరువాత బోరింగు ప్రాముఖ్యం తగ్గినది. కుళాయి రాని రోజున, కరెంటు లేని రోజున వీధి మొగలోని పిడి దగ్గరకే పోవలసి వస్తుంది గనుక దాని మరమ్మతుకు సరియైన సరుకు వచ్చినదా అని చూసుకొనడం ఊరికి ఇప్పటికీ అవసరమే. నమూనా అందరిదీ కావడంతో ఎవరైనా చేయవచ్చును. ఆ స్వేచ్ఛ వలన ధర తగ్గినది, నాసి సరుకు కూడా పుట్టినది.

పైపులు దించేటప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్రతో పాటు రంగుపట్టీని చూడవలెను. పసుపు పట్టీ పలుచని రకం, నీలం మధ్యరకం, ఎఱుపు మందమైన రకం. బోరింగుకు కావలసినది నీలం. 32 మి.మీ. పైపులో నీలపు పట్టీ గలదాని గోడ మందం 3.2 మి.మీ., పసుపు పట్టీ గలదానిది 2.6 మి.మీ. తేడా అల్పమనిపిస్తుంది. కాని చివరల మరచుట్లు కోయడంలో దాదాపు 1.5 మి.మీ. పోతుంది. నీలం పైపులో అక్కడ మిగిలేది 1.7 మి.మీ.; పసుపులో 1.1 మాత్రమే. పైగా పూత తరువాత మర కోస్తారు గనుక ఆ చుట్లపై జింకు ఉండదు. పైపు అన్నిటికంటె పలుచనైన చోటే పూత లేని చోటు కూడా అయినది. బోరులో పైపులు తెగి పడినప్పుడు ఎక్కువగా తెగేది అతుకు వద్దనే, మరి అన్నింటి బరువును మోసే పై అతుకులే ముందు ప్రమాదంలో పడతాయి. పైపులు పైకి తీసిన రోజున ఆ చివరలను గుడ్డతో తుడిచి చూసి, చుట్లు తినివేయబడినవాటిని ప్రక్కన పెట్టి, మిగిలినవాటిని బిగించే ముందు చుట్లకు జనపనార, సఫేదా పట్టించమని మెకానిక్కును అడగవచ్చును. గొలుసుకు నెలకొకసారి గ్రీజు పూయడం మాత్రం ఊరివారే చేసుకొనగల పని. పంపు తల ముందున్న మూత బోల్టు విప్పడానికి ఒక స్పానరు చాలు.